నక్క బావ తొలి కాపురం

“వచ్చే తొలకరికల్లా రంగుల ఫ్యాక్టరీ నేలను మూలమూలా తవ్వి పరీక్షిస్తాం. విషం లేదని తేలాకే మేతకు తెరుస్తాం. మట్టి మీద ఒట్టు.”

పోయిన ఏడు అడవి సభలో నక్క చెప్పిన మాటలివి. తొలకరి వచ్చింది, వెళ్ళింది. ఒక్క గొయ్యి పడలేదు.

అడవి అంచున బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ ఉండేది. మనుషులు లాభాలు మూటగట్టుకుని, గేటుకు తాళం వేసి పోయారు. ఊదారంగు మడుగుల్ని మాత్రం జంతువులకు వదిలేశారు. లాభం కొందరిది, విషం అందరిదీ. ఆ నేల బాగుపడితే ఎండాకాలంలో అడవి మొత్తానికీ మేత దొరుకుతుంది. అందుకే పరీక్షల ఖర్చుకని ప్రతి కుటుంబమూ నోటి దగ్గరి వేరుశనగ తెచ్చి ఉమ్మడి పాతరలో పోసింది. అవి గోతులు తవ్వేవాళ్ళకు కూలి కింద ఇవ్వాల్సిన కాయలు. పాతర బాధ్యత నక్కది. ఏడాది తిరిగేసరికి పాతరలో పొట్టు మిగిలింది, నక్క బుగ్గలు నిండాయి.

చైత్రంలో ఎండలు ముదిరాయి. అడవిలో గడ్డి మాడిపోయింది. ఫ్యాక్టరీ ఆవరణలో మాత్రం నవనవలాడుతోంది. అప్పుడు నక్క సభ పిలిపించి, పరీక్షలన్నీ అయిపోయాయని, నేల అమ్మ పాలంత స్వచ్ఛమని, రేపటినుంచే దూడల్ని తోలుకోవచ్చని ప్రకటించింది. అనుమానించేవాళ్ళు అభివృద్ధికి శత్రువులని కూడా అంది. అధికారం ఎక్కడైనా ఈ భాషే మాట్లాడుతుంది.

గేదె నల్లమ్మ ముందుకొచ్చింది. దాని దూడ అప్పుడే పాలు మాని గడ్డికి అలవాటు పడుతోంది. పంపకపోతే పస్తు. పంపితే తిరిగొస్తుందో లేదో. గోతులెక్కడని అడిగితే, పూడ్చేశామంది నక్క. ఎవరు తవ్వారంటే, పందికొక్కులంది. ఆ పందికొక్కులేవంటే, వలస పోయాయంది.

నల్లమ్మ ఇక వాదించలేదు. కాసేపు నెమరు వేసి, సభాపెద్ద ఎద్దు వైపు తిరిగింది.

“మామా, కొత్త నేల తెరిస్తే తొలి కాపురం పెట్టించడం మన ఆచారం కదా. నేల బాగుందని చెప్పినవాళ్ళే ముందు పెళ్ళాం పిల్లలతో అక్కడ ఉండాలి. ఆ గౌరవం నక్క బావకు కాక ఇంకెవరికి?”

సభ అంతా ఔనంది. మడుగు పక్కన నీడ ఉందని, బొరియకు అదే మంచి చోటని ఎద్దు తల ఊపింది. నక్కకు పొగడ్త తలకెక్కింది. ప్రజాసేవకుడికి ఇంతకన్నా ఏం కావాలంటూ ఛాతీ విరుచుకుని, మూటాముల్లె సర్దుకోమని పెళ్ళానికి అక్కడినుంచే కేకేసింది.

ఆడనక్క పిల్లల్ని వెంటేసుకుని సభ మధ్యకే వచ్చింది.

“ఏవయ్యా, మతి పోయిందా? నా పిల్లల్ని అక్కడికా? ఆ నీళ్ళు తాగి కప్పలు చచ్చాయి, గోడ దాటితే కాళ్ళు విరగ్గొడతానని రోజూ చెప్పేది నువ్వేగా.”

నక్క గబుక్కున సభ వైపు తిరిగింది.

“అవి మన అడవి కప్పలు కావు,” అంది.

“నా దూడది మాత్రం ఈ అడవే, బావా,” అంది నల్లమ్మ.

ఆ పూటే పాతర నక్క చేతిలోంచి పోయింది. తిన్న కూలికి తవ్వే పని కూడా దానిదేనని ఎద్దు తేల్చింది. ఇప్పుడు నక్క రోజూ గోతులు తవ్వుతోంది. వానపాములు దిగి చూసి, ఇక్కడ ఉండగలమన్న చోటే మేత. గేటు దగ్గరి నేల వాటికి నచ్చింది. మడుగు చుట్టూ ముళ్ళకంచె పడింది. నల్లమ్మ దూడ గేటు దగ్గర కడుపునిండా మేసి, తల్లి నీడలో పడుకుంటోంది. నల్లమ్మ కళ్ళు మూసుకుని నెమరు వేస్తోంది. నక్క ఒక్కటే, మోకాళ్ళ లోతు గోతిలో నిలబడి, అరిగిన గోళ్ళు చూసుకుంటోంది.

నీతి: నేల మంచిదని అందరికీ చెప్పేవాడు ముందు తన పిల్లల్ని అక్కడ ఆడించగలగాలి.

ఫ్యాక్టరీ వెనక సగం ఇంకా తవ్వలేదు. ఉమ్మడి కాయలు ఎవరెవరి కడుపుల్లోకి పోయాయో, ఆ సగం సంగతి ఎప్పటికి తేలుతుందో నక్క సభ ముందు నిలబడి చెప్పాలి. గడువు ఏరువాక పున్నమి.