బూరె గురక

అనగనగా రైలుకట్టని ఆనుకుని ఒక ఊరు. ఆ ఊళ్ళో వరహాలమ్మ అని ఒక మనిషి ఉండేది. పసిపిల్లలకి నీళ్ళు పోయడం ఆమె పని.

కాళ్ళు బారచాపుకుని పీట మీద కూర్చునేది. పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఆముదం రాసేది, నలుగు పెట్టేది, వేణ్ణీళ్ళు పోసేది. బొటనవేలితో ముక్కు సాగదీసేది. ఆ తర్వాత గంప బోర్లించి, దాని కింద నిప్పుల్లో సాంబ్రాణి వేసి, పిల్లని గంప మీద పెట్టి పొగ పట్టేది. ఊళ్ళో సూటిగా ఉన్న ముక్కులన్నీ తన బొటనవేలి చలవేనని ఆమె నమ్మకం. పెళ్ళిపీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకుతో కూడా ఆ మాట అనేసేది. ఎవరికైనా భయపడితే కదా.

ఈ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. కడుపుకోత నేర్పింది. పెళ్ళైన రెండో ఏట ఒక ఆడపిల్ల పుట్టింది. మూడో నెల వచ్చేసరికి ముసురు పట్టింది. పిల్లకి కఫంతో రొమ్ము పట్టేసి, గుర్రుగుర్రుమంటూ డొక్కలు ఎగరేసింది. మొగుడు పంచదార మిల్లులో ఉన్నాడు. ఆసుపత్రి ఏటికి అవతల ఉంది. ఏరు పొంగి ఉంది. ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండగానే పిల్ల పోయింది.

అప్పుడు వరహాలమ్మ ఒట్టేసుకుంది. తన చేతిలో పడ్డ ఏ పిల్లనీ కఫానికి ఒప్పజెప్పనని. ఆ ఒట్టుతోనే నలభై ఏళ్ళు నీళ్ళు పోసింది. మధ్యలో మొగుడు పోయాడు. ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది.

ఆ ఊళ్ళో బ్యాంకులో పనిచేసే ఒకాయన ఉండేవాడు. ఆయన కూతురు చార్వికి కూడా వరహాలమ్మే నీళ్ళు పోసింది. ఆ పిల్లకి ఏడేళ్ళు వచ్చాక ఒక కుక్కపిల్లని తెచ్చారు. ఏడాది తిరక్కుండా ఆయనకి బదిలీ అయింది. వెళ్ళే చోట ఇల్లు ఇచ్చేవాళ్ళు కుక్క ఉంటే కుదరదన్నారు. తెచ్చేటప్పుడు ఆలోచించరు, వదిలేటప్పుడు మాత్రం వంద కారణాలు చెబుతారు. సరే, తిట్టుకుంటూ కూర్చుంటే కథ నడవదు.

అప్పుడు చార్వి వాళ్ళమ్మ ఆ కుక్కని చంకనేసుకుని వరహాలమ్మ ఇంటికి వచ్చింది. వెనకాల చార్వి, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో.

మూరెడు ఎత్తు కూడా లేదు. ఒళ్ళంతా బూరెలా గుండ్రంగా, గోధుమరంగుగా ఉంది. మూతి మాత్రం నూనెలో మాడిపోయినట్టు నల్లగా ఉంది. నుదుటి మీద ముడతలు, బయటికి పొడుచుకొచ్చిన కళ్ళు, జిలేబీలా చుట్టుకున్న తోక. ముక్కు అనేది లేదు. ఉండాల్సిన చోట రెండు బెజ్జాలున్నాయి.

పక్కింటి పైడితల్లి చల్లకుండ దించి మరీ వచ్చి చూసింది. చూసి, "వదినా, దీని మొహం మీద ఎవరో తలుపేసేసినట్టున్నారే" అంది.

అది పగ్ అనే జాతి అని చార్వి చెప్పింది. ఎప్పుడో చైనా దేశంలో రాజులూ రాణులూ ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాళ్ళట. వాళ్ళమ్మ మూడు మాటలు చెప్పింది. మొహం మీద ముడతల్లో తడి లేకుండా తుడవాలి. వేడి అస్సలు తగలనివ్వకూడదు. గురక పెడుతుంది, అది దాని తీరు, కంగారుపడి ఏమీ చెయ్యకూడదు.

వరహాలమ్మ తల ఊపింది. ఊపింది గానీ వినలేదు. ఒక్క పిల్లని కన్న ఈవిడ, ఊరందరి పిల్లల్నీ కాళ్ళ మీద వేసుకున్న తనకి చెప్పడమేమిటి అనుకుంది. వాళ్ళు పెట్టిన ఇంగ్లీషు పేరు ఆమె నాలుకకి తిరగలేదు. బూరె అని పిలిచింది. అది తోక ఊపింది. అంతే, బూరె అయిపోయింది.

వరహాలమ్మ పని చెయ్యనివాళ్ళకి కూడు పెట్టే మనిషి కాదు. అందుకని ముందు బూరెకి ఇంటి కాపలా అప్పజెప్పి వీధిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఎవడో పాత ఇనుము కొనేవాడు అరుగు మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు, బూరె వాడి అరిచెయ్యి నాకుతోంది.

ఆ తర్వాత ఎలకల్ని పట్టమంది. ఎలక బియ్యం డబ్బా వెనకనుంచి వచ్చి, బూరె ముందునుంచే నడిచి వెళ్ళింది. బూరె చుట్టాన్ని సాగనంపినట్టు గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చింది.

ఆ తర్వాత సందులో నీడపట్టున చాప వేసి, ఆరబెట్టిన చింతపండుకి కాకుల్ని తోలమంది. కాకులు వచ్చాయి. బూరె చాప మీద వెల్లకిలా పడి నిద్రపోతోంది.

పైడితల్లి పొట్ట పట్టుకుని నవ్వింది. "నీకు పని తప్పించడానికి కాదు వదినా, నీకు పని పెట్టడానికే వచ్చిందిది" అంది.

అప్పుడు వరహాలమ్మకి మెల్లగా తెలిసింది. ఆ జాతికి వచ్చింది ఒక్కటే పని. మనిషిని వదలకుండా ఉండటం. కుళాయి దగ్గరికి వెళితే వెనకే వచ్చేది. పొయ్యి దగ్గరికి వెళితే గడప మీద కూర్చునేది. కూర తరుగుతుంటే వచ్చి ఆమె పాదం మీద బరువంతా వేసి కూలబడేది. ఊరకుక్క అన్నం పెట్టిన చెయ్యిని గుర్తుపెట్టుకుంటుంది. ఇది చెయ్యి పట్టించుకోదు, మనిషి మొహమే చూస్తుంది. ఆమె ఎటు తిరిగితే ఆ కళ్ళు అటు తిరిగేవి.

ఇంక గురక. పడుకుంటే గురక, కూర్చుంటే గురక, అన్నం తింటూ కూడా గురకే. మొదట్లో విసుక్కుంది. ఆ తర్వాత ఆ చప్పుడు లేకపోతే పని మానేసి వెతుక్కునేది. ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంట్లో ఇంకొకరి ఊపిరి వినిపించలేదు మరి.

ప్రతి ఆదివారం చార్వి ఫోన్ చేసేది. వరహాలమ్మ ఫోన్‌ని బూరె చెవి దగ్గర పెట్టేది. ఆ పిల్ల గొంతు వినగానే అది తల ఇటు వాల్చేది, అటు వాల్చేది, ఫోన్ వెనక్కి వెళ్ళి వెతికేది. అది గురక పెడుతుంటే చార్వి అవతల ఊరికే వింటూ ఉండేది.

అలా ఎండాకాలం వెళ్ళింది. ఆ తర్వాత ముసురు పట్టింది.

గాలి ఆడని ముసురు అది. ఉక్క. బూరె గురక లావెక్కింది. గుర్రుగుర్రుమంది. వరహాలమ్మ చేటలో బియ్యం చెరుగుతున్నదల్లా చెయ్యి ఆపింది. ఆ చప్పుడు ఆమె ఎరిగిందే. ఒళ్ళో పెట్టుకుని ఒకసారి విన్నదే.

బూరెకి రొమ్ము పట్టిందని ఖాయం చేసేసుకుంది. పశువుల డాక్టరుకి ఒకసారి చూపించు వదినా అని పైడితల్లి అంటే, కఫం సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా అని కసిరింది.

మొదటి రోజు కాళ్ళు బారచాపి, బూరెని కాళ్ళ మీద వేసుకుని, ఆముదం రాసి, లేని ముక్కుని బొటనవేలితో సాగదీసింది. పిసికినంతసేపూ బూరె ఆమె మణికట్టు నాకుతూనే ఉంది. గురక తగ్గలేదు.

రెండో రోజు నలుగు పెట్టి, పొగలు కక్కే వేణ్ణీళ్ళు పోసింది. బూరె నాలుక బయటపెట్టి రొప్పింది. ఆ సాయంత్రం డొక్కలు ఎగరేసింది. చూడు, వేడి తగిలితే ఆ జాతి అలాగే ఎగరేస్తుంది. వరహాలమ్మకి మాత్రం ఆ డొక్కల్లో తన పిల్ల కనపడింది. భయం పట్టిన మనిషికి కళ్ళెదుట ఉన్నది కనపడదు, వెనకటిది కనపడుతుంది.

మూడో రోజు గంప బోర్లించింది. నిప్పులు కణకణలాడేలా ఊదింది. సాంబ్రాణి రెండు గుప్పిళ్ళు వేసింది. పొగ చెదరకుండా తలుపు మూసింది.

ఆ తర్వాత బూరెని తీసి గంప మీద పెట్టింది. వీపు మీద చెయ్యి వేసి, "ఇంకాస్త, ఇంకాస్త. అయిపోయింది నా తల్లీ" అంది.

ఊరకుక్క అయితే కరిచి పారిపోయేది. బతికేది. బూరె పారిపోలేదు. మొహం ఎత్తి ఆమె వైపే చూస్తూ నిలబడింది. ఒళ్ళు వణికింది, కాళ్ళు తేలిపోయాయి, అయినా గంప దిగలేదు. ఆమె చెయ్యి వీపు మీద ఉంది కదా, ఇంక ఎక్కడికి వెళుతుంది.

గురక తగ్గింది. వరహాలమ్మ మొహం విప్పారింది. కఫం కరిగిందనుకుంది. అప్పుడు బూరె పక్కకి ఒరిగింది.

వరహాలమ్మ పొత్తిగుడ్డలో చుట్టి, గుండెకి హత్తుకుని, చెప్పులు కూడా లేకుండా వానలో పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది. వెనకాల గొడుగు పట్టుకుని పైడితల్లి. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. గుండె మీద గొట్టం పెట్టి చూసింది. ఆ తర్వాత గొట్టం తీసేసింది.

ఏం జబ్బమ్మా అని వరహాలమ్మ అడిగింది.

డాక్టరమ్మ ఏ జబ్బూ లేదంది. ఈ జాతికి ఊపిరి దారి చాలా ఇరుకు, ఉక్కపోస్తే గురక హెచ్చుతుంది, నీడన పడుకోబెట్టి చల్లటి తడిగుడ్డ వేస్తే సర్దుకునేది అంది. వేడీ పొగా ఓర్చుకోలేదంది. తిట్టలేదు. తిడితే బాగుండునని వరహాలమ్మకి అనిపించింది.

ఎక్కడో ఎవరో మొహం ఇంకా చిన్నది కావాలి, ఇంకా చిన్నది కావాలి అని చిన్న మూతి వాటినే జతకట్టిస్తూ తరతరాలుగా ఆ జాతి మూతి నొక్కుకుంటూ వచ్చారు. ముద్దు వాళ్ళది, ఊపిరాడని బాధ దానిది. ఆ పాపంలో వాళ్ళకీ వాటా ఉంది. కానీ వరహాలమ్మ తన వాటా వాళ్ళ మీదకి తొయ్యలేదు.

పెరట్లో, పసిపిల్లల్ని పెట్టినట్టే, పొత్తిగుడ్డతోనే బూరెని మట్టిలో పెట్టారు. చిన్న గొయ్యి చాలింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఫోన్ మోగింది.

పొద్దున్నుంచీ పైడితల్లి చెబుతూనే ఉంది. గేటు తీసి ఉంటే ఎటో వెళ్ళిపోయిందని చెప్పు వదినా. ఎక్కడో ఉందనుకుని ఆ పిల్ల బతుకుతుంది. నువ్వూ బతుకుతావు. దాని ఆయుష్షు అంతే.

"దాని ఆయుష్షు తీరలేదు పైడితల్లీ. నేను తీర్చాను" అంది వరహాలమ్మ. అని ఫోన్ తీసింది.

మామ్మా, బూరెకి ఇయ్యి అంది చార్వి.

వరహాలమ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది. అంతా చెప్పింది. ముసురు, ఆముదం, వేణ్ణీళ్ళు, పొగ. మీ అమ్మ వద్దని చెప్పిందనీ, తనే వినలేదనీ చెప్పింది. ఎక్కడా మెత్తగా చెయ్యలేదు. అవతల ఏడుపు వినపడింది. ఆ ఏడుపుకి అడ్డం రాలేదు, ఊరుకోమనలేదు. ఆ ఏడుపు తనకి రావలసిందే అన్నట్టు విన్నది.

చాలాసేపటికి చార్వి అడిగింది. "దానికి భయమేసిందా మామ్మా?"

పైడితల్లి మొహం తిప్పుకుంది.

"లేదమ్మా. నా చెయ్యి దాని వీపు మీదే ఉంది. అందుకే భయపడలేదు" అంది వరహాలమ్మ.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ మాట మోయడానికే ఆమెకి మిగిలిన బతుకంతా పట్టింది.

అంతేనమ్మా కథ. కళ్ళు తుడుచుకో. ఇటు తిరిగి పడుకో.

కథ చేరె కంచికి,
కూన మట్టి పంచకి,
మనం మన ఇంటికి,
నిద్ర నీ కంటికి.