అరచేతిలో తిరిగిన బేరింగు

అనగనగా అంటే మరీ అంత వెనకటి మాటేం కాదు. రాజులు ఇంకా ఉన్నారు, బ్యాటరీలు కూడా వచ్చేశాయి. అప్పటి ముచ్చట ఇది.

మిన్నేరు అనే నదికి ఈ ఒడ్డున సిరికోన రాజ్యం. ఆ ఒడ్డున రేగడికోన రాజ్యం. రెండింటికీ నడుమ, నీళ్ల మధ్యలో, దోసలంక అని ఒక చిన్న లంక. ఇసుకలో పుచ్చపాదులు, దోసపాదులు, గుప్పెడు గుడిసెలు. అంతే దాని సంపద. ఆ కాస్త లంక కోసమే తాతల నాటి నుంచీ రెండు రాజ్యాలూ కొట్టుకు చచ్చాయి.

చివరికి ఇద్దరు రాజులకూ ఓపిక అయిపోయింది. "మనుషులు చావడం ఎందుకు? బుల్లి కార్లకు పందెం పెడదాం. ఎవరి కారు ముందు గీత దాటితే లంక వాళ్లది" అనుకున్నారు.

లంక సిరికోనకు వస్తే అక్కడివాళ్లు తమ పాదులు తాము పెట్టుకుని బతుకుతారు. రేగడికోనకు పోతే మాత్రం ఇంతే సంగతులు. ఆ రాజు కొత్త కోట కడుతున్నాడు, ఇసుక కావాలి. లంకను తవ్వి బండ్లకెత్తుకుంటానని దాచుకోకుండా దండోరా వేయించాడు.

సిరికోన తరఫున రిమోట్ పట్టే పిల్ల పేరు సుగాత్రి. పుట్టింది దోసలంకలోనే. తల్లి పోతే రత్తి పిన్ని పెంచింది. కారును స్క్రూ స్క్రూ బిగించి తన చేత్తో తయారుచేసుకుంది. ఇసుకలో దాన్ని తోలడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

అన్నీ ఉన్నాయి గానీ ఆ పిల్లకు ఒక జబ్బుండేది. సిరికోన రాజు విభాకరుడు కుర్రవాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడేది. ఆ సొట్ట కనబడితే చాలు, సుగాత్రి చెప్పబోయిన మాట నోట్లోనే కరిగిపోయేది. రాజుకు ఆ సంగతి తెలియదు. తెలుసుకునే తీరికా లేదు.

పందెం దగ్గర పడుతుండగా పసిడయ్య అనే వర్తకుడు కోటకొచ్చాడు. మఖమలు పెట్టె తెరిచి రాజు ముందు పెట్టాడు. లోపల బంగారు రంగు స్క్రూలు, చుక్కలు ఏరి పోసినట్టున్నాయి.

"ప్రభూ, తమ కారుకు ఆ నల్ల ఉక్కు స్క్రూలేమిటి? పశువుల కొట్టం తలుపుకైనా ఇంతకంటే మంచివి వేస్తారు. ఇవి చూడండి. అల్యూమినియం. ఈకల్లా ఉంటాయి."

త్రాసులో ఒకవైపు నల్లవి, ఒకవైపు బంగారు రంగువి పోశాడు. నల్లవి ధబీమని కిందికి దిగాయి.

"చూశావా సుగాత్రీ!" అన్నాడు రాజు.

"చూశాను ప్రభూ. పైకప్పుకు వేద్దాం, బాగుంటాయి. కానీ చక్రాలను పట్టుకునే చోట ఉక్కువే ఉండనివ్వండి. ఇది మెత్తటి లోహం. గట్టి దెబ్బ తగిలితే స్క్రూ మెడ దగ్గర తెగిపోతుంది."

"నీకన్నీ భయాలే పిల్లా! బరువు తగ్గితే వేగం పెరగదా?"

"పెరుగుతుంది గానీ..."

"పెరుగుతుంది కదా? మరింకేం?" అని రాజు నవ్వాడు. సొట్ట పడింది.

"పెరుగుతుంది ప్రభూ" అని మళ్లీ అంది సుగాత్రి. ఆ 'గానీ' మాత్రం లోపలే ఉండిపోయింది. ఆ సాయంత్రమే కారంతా బంగారు రంగు స్క్రూలు బిగించింది.

కొన్నాళ్లకు పసిడయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి బేరింగులు తెచ్చాడు. చక్రం ఇరుసు మీద సాఫీగా తిరగాలంటే మధ్యలో చిన్న చిన్న గుండ్లున్న ఉంగరం ఉండాలి. అదే బేరింగు. సుగాత్రి వాడేవాటికి రెండువైపులా రబ్బరు మూతలు, లోపల గ్రీజు. పసిడయ్య తెచ్చినవాటికి మూతల్లేవు. గుండ్లు ముత్యాల్లా బయటికే కనబడుతున్నాయి.

"సభలోనే తేల్చుకుందాం" అన్నాడు పసిడయ్య.

ముందు సుగాత్రి బేరింగును వేలికి తగిలించి తిప్పాడు. నాలుగు చుట్లు తిరిగి, బద్ధకంగా ఆగిపోయింది. సభ గొల్లుమంది. తర్వాత తనది తిప్పాడు. అది తిరుగుతూనే ఉంది. ఆస్థాన గాయకుడు సరదాకి ఒక పల్లవి అందుకున్నాడు. పల్లవి అయిపోయింది, బేరింగు ఆగలేదు. మంత్రి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

సుగాత్రికి విషయం అర్థమైంది. పసిడయ్య తన బేరింగులోని గ్రీజంతా పెట్రోలుతో కడిగేశాడు. మోసే బరువు లేదు, అడ్డుపడే గ్రీజు లేదు. తిరగక ఏం చేస్తుంది? రేపు ఇసుకలోకి దిగితే మూతల్లేని ఆ సందుల్లోకి ఇసుక సొంతింట్లోకి వెళ్లినట్టు వెళుతుంది.

"ప్రభూ, ఖాళీగా ఉన్నప్పుడు ఏదైనా తిరుగుతుంది. కారు బరువు మీద పడ్డాక చూడాలి..."

"పాపం, అమ్మాయికి పాత సామాను మీద మమకారం పోలేదు!" అన్నాడు మంత్రి. మళ్లీ నవ్వులు.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. బేరింగును సుగాత్రి అరచేతిలో పెట్టాడు. "ఎవరో చెప్పడమెందుకు? నువ్వే తిప్పి చూడు" అన్నాడు మెల్లగా. ఆయన వేలు ఆమె చేతికి తగిలింది.

సుగాత్రి తిప్పింది. అరచేతిలో అది వెండి పురుగులా గిరగిరా తిరిగింది.

"బాగుంది ప్రభూ" అంది.

సభ చప్పట్లతో మారుమోగింది. ఆ చప్పట్లు బేరింగుకో తనకో ఆమెకు తెలియలేదు. తనకే అనుకుంటే బాగుంది. అనుకుంది.

రేపు పందెమనగా రత్తి పిన్ని పడవ దాటి కోటకొచ్చింది. కొంగు మూటలో పుచ్చగింజలు.

"ఏమే సుగాత్రీ, ఊరంతా నన్ను పంపారు. గింజలు నానబెట్టమంటావా, వద్దా? నువ్వు ఊఁ అంటే అందరం నానబెడతాం. గెలుస్తాం కదే?"

"నానబెట్టు పిన్నీ" అంది సుగాత్రి. పిన్ని కళ్లలోకి మాత్రం చూడలేదు.

పిన్ని వెళ్లాక, కొత్త బేరింగులు వేసిన కారును కోట ముంగిట నున్నటి బండల మీద ఒకసారి పరిగెత్తించింది. రివ్వున పోయింది. పోయిందిగానీ చక్రాల్లోంచి సన్నగా, దోమ పాడినట్టు, ఒక చప్పుడు. గ్రీజు లేని గుండ్ల రాపిడి అది.

అప్పుడే రాజు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. పక్కన మంత్రి లేడు, వర్తకుడు లేడు, నవ్వే సభా లేదు.

"సుగాత్రీ, వాళ్లందరి మాటా పక్కన పెట్టు. నీ మనసులో ఉన్నది చెప్పు. కారు ఎలా ఉంది?"

పాత స్క్రూలు, పాత బేరింగులు పక్క బల్ల మీదే ఉన్నాయి. అన్నం ఉడికే లోపు అన్నీ మార్చేయొచ్చు. చెబితే చాలు. కానీ రాజు అప్పుడే బంగారు రంగు స్క్రూలతో మెరిసే కారును చేతిలోకి తీసుకుని, పసిపిల్లవాడిలా మురిసిపోతూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఆ మురిపెం తన మాటతో ఆరిపోతుందే అనిపించింది.

"గాలిలా ఉంది ప్రభూ" అంది.

తెల్లవారింది. పందెం దోసలంక ఇసుకలోనే. లంక చుట్టూ మూడు చుట్లు తిరగాలి. రేగడికోన తరఫున రిమోట్ పట్టింది దళపతి వీరభల్లుడు. గుబురు మీసాల ముసలాయన. ఆయన కారు మట్టి రంగులో, ఏ తళుకూ లేకుండా ఉంది.

"ఏం తాతా, మీ కారు స్నానం చేసి ఎన్నాళ్లయింది?" అని సిరికోన భటుడొకడు ఎగతాళి చేశాడు.

"నా కారు అందగత్తె కాదు నాయనా. అరవదు, ఆగదు. అంతే" అన్నాడు దళపతి.

మొదటి చుట్టు. సిరికోన కారు బాణంలా దూసుకుపోయింది. లంకవాళ్లు ఈలలు వేశారు. రత్తి పిన్ని "మా పిల్లే! మా పిల్లే!" అని గంతులేసింది.

రెండో చుట్టు. దోమపాట కాస్తా కేకైంది. "ఏమిటా చప్పుడు?" అన్నాడు రాజు. "వేగం ప్రభూ, వేగం!" అన్నాడు పసిడయ్య.

మూడో చుట్టు. ఇసుక తిన్న బేరింగు పట్టేసింది. చక్రం తిరగనంది, కారు ఆగనంది. ఆ లాగుడంతా బంగారు రంగు స్క్రూల మీద పడింది. టిక్‌మని ఒకటి తెగింది. టిక్‌మని ఇంకొకటి. ముందు చక్రం ఊడి, ఒంటరిగా కొంతదూరం దొర్లి పడిపోయింది. కారు ముక్కు ఇసుకలో గుచ్చుకుంది.

మట్టి రంగు కారు తొందరేమీ లేకుండా దాని పక్కనుంచి వెళ్లి గీత దాటింది.

జనం పసిడయ్య మీద పడ్డారు. అతను బెదరలేదు. "నేను చేతిలో తిప్పి చూపించాను. చేతిలో తిరిగింది. సభంతా చూసింది. ఇందులో నా అబద్ధమేముంది?" అన్నాడు. పొద్దు వాలేసరికి పెట్టె సర్దుకుని ఆ ఒడ్డుకు వ్యాపారానికి వెళ్లిపోయాడు.

రాజు సుగాత్రి వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసా?"

ఆమె తలూపింది.

"మరి చెప్పలేదేం?"

"మొదట చెప్పాను ప్రభూ..."

"నిన్న ఒక్కణ్ణే వచ్చి అడిగాను కదా!"

సుగాత్రి వంగి, ఇసుకలో పడ్డ చక్రాన్ని చేతిలోకి తీసుకుంది. రాజు మొహంలో నవ్వు లేదు. ఇంకెప్పుడూ ఆమె కోసం రాలేదు కూడా. కొద్దిరోజులు దిగులుగా తిరిగి, ఆ తర్వాత గాలిపటాల మీద పడ్డాడు.

రత్తి పిన్ని తిట్టలేదు. నానిన గింజల మూట విప్పి చూసుకుంది. అప్పటికే మొలక ముక్కులు తెల్లగా పొడుచుకొచ్చాయి. "ఇక వీటిని దాచుకోనూలేం, నాటుకోనూలేం" అని నీళ్లలో వదిలేసింది.

వారం తిరక్కుండా బండ్లు దిగాయి. తవ్వగా తవ్వగా లంక పలచబడింది. ఆ ఏటి వరదకు మిగిలింది కూడా కొట్టుకుపోయింది. లంకవాళ్లు ఒకరు ఈ ఒడ్డుకు, ఒకరు ఆ ఒడ్డుకు కూలికి చెదిరిపోయారు.

పిన్ని మాత్రం సుగాత్రి దగ్గరే ఉంది. ఒకే పొయ్యి, ఒకే కంచం. కానీ వాన వస్తుందా అనో, కూరలో ఉప్పు సరిపోయిందా అనో, చివరికి ఒంట్లో ఎలా ఉందనో కూడా మళ్లీ ఎన్నడూ ఆ పిల్లను అడగలేదు. అడిగితే నిజమే చెబుతుందన్న నమ్మకం పోయింది.

అందుకే పిల్లలూ, నచ్చినవాళ్ల మురిపెం చెడగొట్టకూడదని నిజాన్ని మింగేస్తే, మనల్ని నమ్ముకున్నవాళ్లు మునిగిపోతారు.