సూరమ్మ తీసుకున్న మోదుగాకు

నక్క ఎవరికైనా ఊరికే మేలు చేస్తానంటే, నేను ముందు నా కాళ్ళ దగ్గర గొయ్యి ఏమైనా ఉందేమో చూసుకుంటాను. సూరమ్మ అనే ముంగిసకూ అదే అలవాటు. అందుకే ఆమె కథ చెబుతున్నాను.

సూరమ్మ బొరియ వాగు ఒడ్డున ఉండేది. ఏటా వానాకాలంలో వాగు పొంగి నీళ్ళు లోపలికి వచ్చేవి. కిందటేడు చిన్నపిల్లను నోట కరుచుకుని ఈదుకుంటూ బయటపడింది. అప్పట్నుంచి మబ్బు కనబడితే చాలు, ఆమెకు గుండె దడ. ఈసారి వానలు పడేలోగా గుట్ట మీదకు మారిపోవాలని పంతం పట్టింది.

గుట్ట మీది బొరియలన్నీ కొండమ్మ అనే ముళ్ళపందివి. ఆ అడవిలో చింతపిక్కలే రొక్కం. బొరియ ఖరీదు మొత్తం ఒక్కసారే ఇచ్చే స్తోమత ఎవరికీ ఉండదు కాబట్టి కొండమ్మ వాయిదాల మీద ఇచ్చేది. ఇచ్చేముందు మాత్రం మద్దిచెట్టు తొర్రలో ఉండే చిలకల దగ్గర వాకబు చేసేది. ఎవరు బాకీ వేళకు తీర్చారు, ఎవరు ఎగ్గొట్టారు అన్నది చిలకలకు కంఠతా వచ్చు.

సూరమ్మ వచ్చి బొరియ అడిగితే, ఆమెను వెంటబెట్టుకునే ఆ చెట్టు దగ్గరికి వెళ్ళి, “సూరమ్మ సంగతేంటి?” అని కొండమ్మ అడిగింది.

“మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. ఆమె గురించి మాకు ఒక్క ముక్కా తెలీదు,” అన్నాయి చిలకలు.

సూరమ్మకు ఒళ్ళు మండింది. “నేను బుద్ధెరిగాక ఎవరి దగ్గరా ఒక్క పిక్క అప్పు చెయ్యలేదు అత్తా.”

“చిక్కంతా అక్కడే ఉందమ్మాయ్. తీసుకుంటే తిరిగిస్తావో లేదో నాకెట్లా తెలియాలి? ఎక్కడైనా కాస్త తీసుకుని, తీర్చి చూపించు. వానలకు ముందు మళ్ళీ రా.”

ఆ అడవిలో అప్పిచ్చేది దొరబాబు అనే నక్క ఒక్కడే. మోదుగాకు మీద లక్కతో పంజా ముద్ర వేసి ఇస్తాడు. ఆకు చూపిస్తే ఉడుత కొట్లో ఏది కావాలన్నా ఇస్తారు. ఆ పిక్కలేవో ఉడుతకు దొరబాబు ఇచ్చుకుంటాడు. కొన్నవాళ్ళు పున్నమి చంద్రుడు పొడిచేలోగా దొరబాబుకు తిరిగి కట్టాలి.

“నీలాంటి పద్ధతైనవాళ్ళ కోసమే వదినా ఈ ఆకు,” అన్నాడు దొరబాబు.

సూరమ్మ ఆకును వాసన చూసింది, తిరగేసి చూసింది. “పున్నమిలోగా మొత్తం కడితే?”

“ఒక్క పిక్క కూడా ఎక్కువ అడగను.”

“మరి మీకేంటి లాభం?”

దొరబాబు తోక సర్దుకున్నాడు. “ఉడుత ఎంతో కొంత ఇస్తుందిలే. పైగా నలుగురికీ సాయపడ్డానన్న తృప్తి.”

“తృప్తితో కడుపు నిండదుగా. కట్టలేకపోతే?”

“గుప్పెడు పిక్కలు పడేస్తే చాలు. మిగతాది నిదానంగా చూసుకుందాం.”

“నిదానంగా అంటే, ఆ మిగతాది ఉన్నంతే ఉంటుందా, పెరుగుతుందా?”

“కాస్త పెరుగుతుంది.”

“కాస్త అంటే?”

“ఇన్ని ప్రశ్నలు ఇంతవరకూ నన్నెవరూ అడగలేదమ్మా.”

“మీరింత ఒళ్ళు చేసింది అందుకేనేమో,” అని సూరమ్మ ఆకు పట్టుకుని ఇంటికొచ్చింది. వచ్చిందే కానీ, ఆ రాత్రి ఆకును బొరియ బయటే ఉంచింది. దాన్ని పిల్లల పక్కన పెట్టడానికి మనసొప్పలేదు.

ఆమె ఆకు మీద కొన్నది పిల్లలకు రోజూ కొనే గుడ్లు మాత్రమే. కొన్న ప్రతిసారీ వాటి ఖరీదుకు సరిపడా పిక్కలు అప్పటికప్పుడే ఒక రాతి కింద వేరుగా పెట్టేది. అది చూసి పోలయ్య అనే కుందేలు పొట్ట పట్టుకుని నవ్వాడు.

“చేతిలో ఆకుండగా పిక్కలు దాచుకోవడమేంటి వదినా? నన్ను చూడు. నెమలీకల పరుపు, బుట్టెడు చిలగడదుంపలు. ఆకు మీద ఎంత ఇస్తారో అంతా వాడేశాను. నెలనెలా గుప్పెడు పడేస్తున్నాను.”

“మిగతా బాకీ?”

“దొరబాబు ఏమీ అనడు. కనబడితే నవ్వుతాడు.”

“ఆ నవ్వే నాకు నచ్చడం లేదు పోలయ్యా.”

“నాకున్న బాధ ఒక్కటే. పున్నమి సాయంత్రం నేను వేళకే వెళ్తాను. గుహలో ఉండడు. చంద్రుడొచ్చి, బాగా పొద్దుపోయాక వస్తాడు. ఆలస్యమైందని పైన ఇంకొన్ని పిక్కలు గుంజుతాడు. తెల్లారేసరికి చిలకలు పోలయ్య ఆలస్యం చేశాడని అరుస్తాయి.”

“ఆలస్యమో కాదో చిలకలు చూశాయా?”

“అవి చీకటి పడకముందే తొర్రలోకి దూరి నిద్రపోతాయిగా. పొద్దున్నే దొరబాబు ఏం చెబితే అది పలుకుతాయి.”

సూరమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. పగలంతా నిద్రపోయి పొద్దువాలగానే వేటకు పోయేవాడు, బాకీకి సరిగ్గా పొద్దువాలే వేళ గడువు పెట్టాడంటే అది మతిమరుపు కాదు. ఈ మాట అడవిలో ఇంకెవరికీ తట్టకపోవడం నాకిప్పటికీ వింతే.

పున్నమికి ముందురోజు పొద్దున్నే సూరమ్మ మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళింది. “దొరబాబు గుహ ముందు రేగుపళ్ళు ఎర్రగా పండాయి, చూశారా?” అంది. చిలకలన్నీ లేచి ఆ రేగుపొద మీద వాలాయి. అప్పుడు సూరమ్మ పిక్కల మూటతో గుహ ముందు నిలబడి పిలిచింది.

“దొరబాబు గారూ, బాకీ తెచ్చాను.”

“రేపు సాయంత్రం రా అమ్మా. నిద్రలో ఉన్నాను,” అని లోపల్నుంచి గొంతు వినబడింది.

“పిక్కలు తీసుకోవడానికి నిద్ర అడ్డమా?”

“అయితే అక్కడ పెట్టి వెళ్ళు.”

“మీరొచ్చి లెక్క చూసుకునేదాకా ఇక్కణ్ణుంచి కదలను.”

దొరబాబు కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడు. పొద నిండా చిలకల్ని చూసి తోక ముడుచుకున్నాడు. “గుప్పెడు చాలు వదినా, ఎందుకు తొందర?” అని మెల్లిగా గొణిగాడు.

“మొత్తం తీసుకోండి.”

లెక్క సరిపోయింది. సూరమ్మ గడువుకు ముందే బాకీ మొత్తం తీర్చిందని చిలకలు అడవంతా అరుచుకుంటూ తిరిగాయి. దొరబాబు మరో ఎత్తు వేశాడు. “నీకు ఇంతకన్నా పెద్ద ఆకు ఇస్తాను, రెండింతలు కొనుక్కోవచ్చు,” అన్నాడు.

“ఇవ్వండి. ఆకు పెద్దదైనంత మాత్రాన మా పిల్లల కడుపులు పెద్దవి కావుగా,” అని తీసుకుని, మళ్ళీ ఆ గుడ్లే కొంది.

నెలనెలా ఇదే వరస. మెల్లిగా మిగతా జంతువులూ చిలకల్ని వెంటబెట్టుకుని పట్టపగలే రావడం మొదలుపెట్టాయి. దొరబాబుకు పగలు నిద్ర పోయింది, ఆలస్యం పేరు చెప్పి గుంజే పిక్కలూ పోయాయి. ఎముకలు లెక్కపెట్టేలా చిక్కిపోయాడు.

ఆకాశం మబ్బు పట్టగానే కొండమ్మ మళ్ళీ చిలకల్ని అడిగింది. ఈసారి అవి సూరమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టి, చాలు చాలు అనేదాకా ఆపలేదు. గుట్ట మీద గట్టి బొరియ ఆమెకు దక్కింది. పోలయ్య కూడా ఒకటి అడిగాడు. చిలకలు చెప్పింది విని కొండమ్మ ముళ్ళు పైకి లేపి లోపలికి వెళ్ళిపోయింది.

మొదటి పెద్దవానకే వాగు పొంగింది. సూరమ్మ పాత బొరియ కనబడకుండా మునిగిపోయింది. పైనుంచి అది చూస్తూ సూరమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుని ఏడ్చింది. ఆ వానలోనే పోలయ్య తడిసి ముద్దై వచ్చాడు. నెమలీకల పరుపు వాగులో పోయింది కానీ దాని బాకీ అలాగే ఉంది.

“నా ఆకు ఇక చెల్లదట. నీది ఒక్కసారి ఇవ్వు వదినా.”

“వాన తగ్గేదాకా ఈ మూల పడుకో, గుడ్లున్నాయి... నువ్వు తినవుగా, గడ్డి తెప్పిస్తాను. ఆకు మాత్రం అడగొద్దు. అది నీకిస్తే చెడేది నా పేరు, పోయేది నా పిల్లల గూడు. నువ్వు కొత్తగా ఏమీ కొనకుండా పాత బాకీ తీర్చుకుంటూ రా. చిలకలు నీ గురించి కూడా మాట మారుస్తాయి.”

పొద్దుగూకాక గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది. దొరబాబు తడిసిన తోకతో నిలబడి నవ్వుతున్నాడు. “కొత్త ఇల్లు బాగుంది వదినా. సామాన్లు కొనుక్కోవడానికి ఇంకో ఆకు తెచ్చాను.”

సూరమ్మ ముందు పిల్లల్ని లోపలికి నెట్టింది. తర్వాత తల బయటపెట్టి చుట్టూ చూసింది. చిలక ఒక్కటీ కనబడలేదు.

“పొద్దున రండి దొరబాబు గారూ. చిలకలు లేచాక మాట్లాడుకుందాం,” అంది.

దొరబాబు మళ్ళీ రాలేదు.

నీతి: అప్పు చేసినా ఉన్నంతలో చేసి, గడువుకు ముందే నలుగురూ చూస్తుండగా మొత్తం తీర్చినవారికే మంచి పేరు నిలుస్తుంది.