పులి చెవుల వెనక సున్నం

ఒకప్పుడు పులి చెప్పి వచ్చేది.

పొద చాటున నక్కడం దానికి తెలియదు. దారి మధ్యలో, ఎదురుగా, పెళ్ళికొడుకులా దర్జాగా నడిచి వచ్చేది. వచ్చేముందు మూడుసార్లు గాండ్రించేది. జింకైనా, దుప్పైనా, మనిషైనా సరే, ముందు ముఖం చూడాలి. ఆ తర్వాతే మీదికి దూకాలి. అడవి పెట్టిన కట్టుబాటు అది.

అందుకని మనుషులకు పులంటే పెద్ద బెదురు ఉండేది కాదు. మొదటి గాండ్రింపుకు చుట్ట ఆర్పేవాళ్ళు. రెండో గాండ్రింపుకు చెట్టెక్కేవాళ్ళు. మూడోది వినపడేసరికి కొమ్మమీద కాళ్ళు ఊపుకుంటూ, "ఏం తాతా, పిల్లలు బాగున్నారా?" అని పులినే పలకరించేవాళ్ళు. పులి కూడా, "ఆ, ఏదో ఇలా ఉన్నాం" అని గొణుక్కుంటూ జింకల వైపు పోయేది.

ఆ రోజుల్లో పులి చెవులు వెనకవైపు నల్లగా, కాటుక పూసినట్టు ఉండేవి. తెల్ల చుక్క ఒక్కటి కూడా లేదు.

నల్లమల కొండల్లో, ఏ దారీ పోని చోట ఒక గూడెం ఉండేది. అందులో ఈదమ్మ, ఆమె మొగుడు గురవయ్య, ఆమె తమ్ముడు బయ్యన్న ఉండేవాళ్ళు. వాళ్ళ పని తేనె కోయడం. చెట్టుమీది చిన్న తేనె కాదు. నిట్టనిలువు కొండచరియకు, చేటలంత చేటలంత పట్లు పట్టి ఉంటాయే, ఆ తేనె. అక్కడికి నిచ్చెన అందదు. పైనుంచి తాడు వేసుకుని దిగాలి. కిందికి చూస్తే వాగు దారప్పోగులా కనిపిస్తుంది. అందుకే ఎవరూ కిందికి చూడరు.

అడ్డతీగ నారతో పేనిన తాడును పైన ఒక మొద్దుకు చుట్టి, కొస ఒకరు పట్టుకుని కూర్చుంటారు. ఎవరంటే వాళ్ళు పట్టుకోవడానికి లేదు. దిగేవాడి స్నేహితుడు పనికిరాడు, సొంత అన్నదమ్ముడు అసలే పనికిరాడు. దిగేవాడి పెళ్ళానికి తోడబుట్టినవాడే పట్టాలి. అక్క బొట్టు చెరిగిపోవాలని ఏ తమ్ముడు కోరుకుంటాడు చెప్పండి?

ఇంకో నియమం కూడా ఉంది. తాడు పట్టినవాడు తల తిప్పకూడదు. తల తిరిగితే భుజం తిరుగుతుంది. భుజం తిరిగితే తాడు సడలుతుంది. తాడు సడలితే ఏమవుతుందో కింద వాగుకు తెలుసు.

గూడెంలో బయ్యన్నను మించి తాడు పట్టేవాడు లేడు. ఇద్దరు పిల్లల తండ్రి. కానీ తన గురించి తను ఒక్క మంచి మాట చెప్పుకునేవాడు కాదు.

"నా అంత పిరికివాడు ఈ కొండల్లో ఉన్నాడా? ఉడుము తోకాడిస్తే మా ఆవిడ వెనక దాక్కుంటాను. భయమేస్తే నా వేళ్ళు బిగుసుకుపోతాయి. ఇంక తాడు జారమన్నా జారదు. అందుకే నాకీ పని ఇచ్చారు" అనేవాడు.

"అయితే ఇన్నాళ్ళూ నన్ను మోస్తున్నది నువ్వు కాదన్నమాట, నీ భయమన్నమాట" అనేవాడు గురవయ్య.

"నేనైతే ఎప్పుడో వదిలేద్దును బావా. నీ బరువెంతో నీకు తెలుసా?"

ఈదమ్మ ఇద్దర్నీ చూసి నవ్వుకునేది. ఆమెకు ఇద్దరూ కావాలి.

ఇలా ఉండగా ఆ అడవిలో ఒక ముసలిపులికి ఏదుపందితో తగాదా వచ్చింది. తగాదాలో ఏదుపంది ముల్లు పులి ముందుకాలి మెత్తలో దిగి విరిగిపోయింది. కాలికి చీము పట్టింది. పులి కుంటుకుంటూ వెళ్ళి, కట్టుబాటు ప్రకారం మూడుసార్లు గాండ్రించేసరికి జింకలు మూడు కొండలు దాటేసేవి. చివరికి ఒక కుందేలు కూడా రాతిమీద కూర్చుని, "తాతా, ఇప్పటికి ఒక్కటే అయింది. ఇంకా రెండున్నాయి. నిదానంగా కానియ్యి" అంది.

పులి పది రోజులు పస్తు పడుకుంది. ఆకలి చాలా చెడ్డది. కట్టుబాట్లను మొదట తినేది అదే.

ఒక సాయంత్రం ఈదమ్మ సొరబుర్ర పట్టుకుని నీళ్ళకు పోయింది. మడుగు అవతల ఒడ్డున పులి కూర్చుని ఉంది.

"ఏం తాతా, డొక్క లోపలికి పోయింది? కాలికేమైంది?"

"వయసు అమ్మీ, వయసు" అంది పులి. ముల్లు మాట చెప్పలేదు. సిగ్గు. "రేపు తేనెకు పోతున్నారటగా?"

"పోతున్నాం. పెద్దచరియ మీద పట్టు నిండింది."

"మీ ఆయన్ని తలుచుకుంటే నాకు గుబులమ్మీ. గాల్లో వేలాడతాడు. పైన మీ తమ్ముడు ఒక్కడేనాయె. వాడి వీపున దురదేస్తేనో? మెడమీద ఈగ వాలితేనో? వెనక్కి తిరగడా?"

తమ్ముణ్ణి అంటే ఏ అక్క ఊరుకుంటుంది? ఈదమ్మ సొరబుర్ర కింద పెట్టింది. నడుం మీద చెయ్యి వేసింది.

"మా తమ్ముడా? తాడు పట్టాక వాడు మనిషి కాదు తాతా, బండరాయి. ఆకాశం విరిగి వీపున పడ్డా తల తిప్పడు."

"వీపున పడ్డా?"

"వీపున పడ్డా!"

"అబ్బో, గట్టివాడే" అంది పులి. తల వంచి నీళ్ళు తాగింది. ఆ రోజు చాలాసేపు తాగింది.

ఈదమ్మ ఇంటికి వచ్చి తను పులికి చెప్పిన జవాబు ఇద్దరికీ గొప్పగా చెప్పింది. బయ్యన్న చెవులు మూసుకున్నాడు.

"అక్కా, నన్నంత పొగడకే. నిజంగా ఈగ వాలితే ఏడ్చేస్తాను నేను."

మర్నాడు పొద్దు బారెడెక్కాక పెద్దచరియ చేరారు. గురవయ్య నడుముకు తాడు కట్టుకుని, పొగ పెట్టే కట్ట చేతపట్టుకుని దిగాడు. బయ్యన్న మొద్దుకు కాళ్ళు తన్నిపెట్టి కొస పట్టుకున్నాడు. ఈదమ్మ నాలుగడుగుల దూరంలో కూర్చుని పొగాకులో సున్నం వేసి నలుపుతోంది. తేనె కోసి పైకొచ్చినవాడి నోట్లో ముందు ఆ ముద్ద పెట్టాలి. ఆ రోజు సున్నం పల్చనై, ఆమె రెండు అరచేతులూ తెల్లగా అయిపోయాయి.

ముగ్గురి ముఖాలూ చరియ వైపే. అడవి వైపు వీపులు. కాపలా ఎవరూ లేరు. కాపలా ఎందుకు? పులి వస్తే చెప్పే వస్తుంది కదా.

వెనక చెట్టుమీద ఒక కొండముచ్చు పకపకా నవ్వింది.

"ఓయ్ ముసలాయనా! పొట్ట నేలకు రాసుకుంటూ పాకుతున్నావేంటి? ఊడిన పన్ను వెతుక్కుంటున్నావా?"

పులి పాకడం అంతకుముందు ఎవరూ చూడలేదు. కొండముచ్చుకు అది వింతగా ఉంది, నవ్వింది. ఆ నవ్వు ఈదమ్మా వింది. కొండముచ్చులకు పనేముంది, ఒకదాన్నొకటి వెక్కిరించుకోవడమేగా అనుకుంది.

గాండ్రింపు లేదు. ఒక్కటి కూడా లేదు.

ఎండుటాకు చిట్లింది. ఈదమ్మ తిరిగి చూసేసరికి పులి బయ్యన్న వీపుమీద ఉంది. దాని కోరలు అతని మెడకూ భుజానికీ మధ్య దిగి ఉన్నాయి.

బయ్యన్న తల తిప్పలేదు. చేతులు తాడు వదల్లేదు.

"తాతా! కట్టుబాటు!" అని కేకపెట్టింది ఈదమ్మ. "చెప్పి రావాలి కదా! ముఖం చూడాలి కదా!"

పులి కోరల సందులోంచే పలికింది. "నువ్వే చెప్పావుగా అమ్మీ, తిరగడని."

ఈదమ్మ చేతిలో గొడ్డలి లేదు, కర్ర లేదు. సున్నం చేతులే ఉన్నాయి. వెనకనుంచి పులిమీద పడి రెండు చెవులూ రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టింది. శక్తికొద్దీ లాగింది. పులి ఒక్క విదిలింపు విదిలించింది. ఈదమ్మ వెళ్ళి రాళ్ళలో పడింది.

కింద చరియలోంచి గురవయ్య నవ్వు వినపడింది.

"ఒరే బామ్మర్దీ, తాడు వణుకుతోందేంట్రా? ఈగ వాలిందా?"

పులి బయ్యన్నను వెనక్కి లాగుతోంది. అతనితోపాటు తాడూ జరుగుతోంది. బయ్యన్న నోట్లోంచి నెత్తురు వచ్చింది, నెత్తుటితోపాటు ఒక మాట వచ్చింది.

"అక్కా... తాడు."

ఈదమ్మకు ఉన్నవి రెండు చేతులు. తమ్ముణ్ణి పట్టుకుంటే మొగుడు వాగులో పడతాడు. తాడు పట్టుకుంటే తమ్ముణ్ణి పులి తీసుకుపోతుంది. ఆలోచించడానికి రెప్పపాటు కూడా లేదు.

ఆమె తాడు పట్టుకుంది. "పట్టుకున్నాను నాయనా" అంది.

ఆ మాట చెవిన పడ్డాకే బయ్యన్న వేళ్ళు విచ్చుకున్నాయి.

తాడు పట్టినవాళ్ళు తల తిప్పకూడదు. ఈదమ్మ కాళ్ళు మొద్దుకు తన్నిపెట్టి, భుజం కదలకుండా బిగబట్టి, ఒక్కసారి మెడ మాత్రం తిప్పింది. పొదల్లోంచి పులి పోతోంది. దాని వీపు ఎండుగడ్డిలో కలిసిపోయింది. రెండు చెవుల వెనక రెండు తెల్లటి మచ్చలు మాత్రం కనిపించాయి. కాసేపు ఊగుతూ కనిపించాయి. తర్వాత అవీ లేవు.

"ఇంకో పట్టుంది, కోయమంటావా?" అని కిందనుంచి అరిచాడు గురవయ్య.

"చాలు. పైకి రా."

"నువ్వు పలుకుతావేం? వాడేడి?"

నిజం చెబితే అతని చేతుల్లో పట్టు పోతుంది.

"నోట్లో పొగాకుంది వాడికి. నువ్వు రా."

గురవయ్య ఎక్కుతూ ఎక్కుతూ బామ్మర్దిని ఆటపట్టిస్తూనే వచ్చాడు. "తేనె మొత్తం నాకే. నీకు మైనం పెడతా. బలం వస్తుంది" అన్నాడు. అంచుమీదికి తల పెట్టాడు. తాడు కొసన ఎవరున్నారో చూశాడు.

గూడెమంతా కదిలి మూడురోజులు వెతికింది. దొరికినంత దొరికింది. దాన్నే పూడ్చి, పైన రాళ్ళు పేర్చారు.

ముసలిపులి కడుపు నిండింది. అది పిల్లల్ని పిలిచి, "ఎదురుగా పోతే ఆకలి. వెనకనుంచి పోతే అన్నం" అని చెప్పింది. పిల్లలు మనవలకు చెప్పాయి. మంచి మాటలు ఇంత తొందరగా ఎవరూ నేర్చుకోరు.

సున్నం మాత్రం వదల్లేదు. పులి చెవుల్ని చెట్లకు రాసింది, మట్టిలో పొర్లింది. చివరికి మడుగులో దిగింది. ఇప్పటికీ ఎండాకాలం పులులు గంటలకొద్దీ నీళ్ళలో కూర్చునేది అందుకే. అయినా మెడదాకానే మునుగుతాయి, తల ముంచవు. కళ్ళు మూసుకుంటే వెనకనుంచి ఎవరొస్తారో అని వాటికీ భయమే. అందుకని చెవులు తడవవు, మచ్చ పోదు. ఆ తర్వాత దాని వంశంలో పిల్లలన్నీ మచ్చలతోనే పుట్టాయి.

కొండముచ్చు ఆ రోజునుంచి పులిని చూసి నవ్వలేదు. కనపడగానే గొంతు చించుకుని అరుస్తుంది. తేనె కోసేవాళ్ళు తాడు దగ్గర ఇద్దర్ని కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. ఒకరి ముఖం తాడు వైపు, ఒకరి ముఖం అడవి వైపు, వీపుకు వీపు ఆనించి. ఆ రెండోచోట ఈదమ్మ తల నెరిసేదాకా తనే కూర్చుంది, వేరే ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

అప్పటినుంచే పులి చెప్పకుండా వస్తుంది, వెనకనుంచి వస్తుంది. అప్పటినుంచే దాని చెవుల వెనక ఆ రెండు తెల్ల మచ్చలున్నాయి. అది ఎవరిమీదికి వస్తోందో వాళ్ళకు ఆ మచ్చలు కనపడవు. తీసుకుని వెళ్ళిపోతున్నప్పుడు, వెనక మిగిలినవాళ్ళకే కనపడతాయి.