మనవాళ్ళు

"కణానికి తనవాళ్ళెవరో, పరాయివాళ్ళెవరో ఎలా తెలుస్తుంది మేడమ్?" అని పరిశోధక విద్యార్థి మస్తాన్‌వలి అడిగితే ఆచార్య యశోధర జవాబు చెప్పలేదు. అడిగిన వెంటనే చెప్పడం ఆవిడ ఇంటా వంటా లేదని శిష్యులు చాటుగా నవ్వుకుంటారు. మర్నాడు వలి జీవితంలో మొదటిసారి తరగతికి పాఠం చెప్పాలి. పుస్తకంలోని జవాబు అతనికి కంఠతా వచ్చు. కానీ పిల్లల మనసులో నాటుకుపోయే మాట ఒకటి కావాలి, అది గురువుగారి నోటినుంచే రావాలి. ఆవిడ సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తకుండానే, "చూద్దాంలే" అన్నారు.

ఆవిడ ప్రయోగశాలలో ఒక వాడుక ఉంది. క్యాన్సర్ రోగి రక్తంలోంచి రక్షణ కణాలను తీసి, శత్రువును పసిగట్టే విద్య నేర్పి, పెంచి, మళ్ళీ ఆ రోగికే ఎక్కించడం అక్కడి పని. ఆ కణాలను అక్కడ అందరూ "మనవాళ్ళు" అంటారు. మనవాళ్ళు ఆకలి మీదున్నారు, మనవాళ్ళు నీరసపడ్డారు అంటూ పొద్దస్తమానం అవే కబుర్లు. కొత్తగా వచ్చినవాడికి పెళ్ళివారి విడిదిలో అడుగుపెట్టినట్టు ఉంటుంది.

పలాస నుంచి వచ్చిన పైడితల్లికి ఎక్కించిన కణాలు వలి తన చేతులమీదుగా పెంచినవి. ఆమెది రక్తపు క్యాన్సర్. మిగతా మందులన్నీ చేతులెత్తేశాయి. కణాలు ఎక్కించాక ఆమెకు జ్వరం పట్టుకుంది. లోపల యుద్ధం మొదలైందనడానికి అదే గుర్తు. కానీ ఆ మంట మెదడుకు పాకితే మనిషి దక్కదు. అందుకే యశోధర ఆమె భర్త బంగారునాయుడిని పిలిచి, "నర్సులు చూస్తూనే ఉంటారు. అయినా ఆవిడ మాటతీరు మీకు తెలిసినట్టు మాకు తెలీదు. మాట తేడాగా ఉన్నా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా వెంటనే వచ్చి చెప్పండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పారు.

ప్రశ్న అడిగిన ఆ మధ్యాహ్నం పైడితల్లి రక్తాన్ని పరీక్షించిన వలి కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేశాడు. కణాలు పుట్ట పగిలినట్టు పెరిగాయి. అదే సమయానికి, పొద్దున రక్తం తీసుకెళ్ళిన వలిని వెతుక్కుంటూ బంగారునాయుడు తలుపు దగ్గరికొచ్చాడు. పెళ్ళాం పేరు నోటితో పలికే అలవాటు ఆయనకు లేదు. వాళ్ళ వైపు ఆలుమగలు ఒకరినొకరు 'మావోళ్ళు' అనే చెప్పుకుంటారు.

"బాబూ, మావోళ్ళు ఎలాగున్నారు? నాకేటో గాభరాగా ఉంది."

"మనవాళ్ళా? భేషుగ్గా ఉన్నారండీ! మీరు నిశ్చింతగా ఉండండి."

కుర్రాడు 'మన' అన్నందుకు ఆ పెద్దాయన కళ్ళు చెమ్మగిల్లాయి. చెప్పాలనుకున్నది మింగేసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

వలి ఆ ఊపులోనే గురువుగారి గదిలోకి వెళ్ళి లెక్క చూపించాడు. "మనవాళ్ళు భేషుగ్గా ఉన్నారని నాయుడుగారికి కూడా చెప్పేశాను మేడమ్."

"ఆయన ఏమని అడిగాడు?" అన్నారు యశోధర. వలి చెప్పాడు. చెబుతుండగానే అతనికి అర్థమైంది. ఆవిడ అప్పటికే వార్డు వైపు పరుగెడుతున్నారు.

పైడితల్లి కళ్ళు తెరిచే ఉన్నాయి. "ఈయనెవరమ్మా?" అని యశోధర నాయుణ్ణి చూపిస్తే, దారినపోయేవాణ్ణి చూసినట్టు చూసి మొహం తిప్పుకుంది.

"ఇందాకట్నించీ ఇలాగే ఉందమ్మా. సెప్దారనే వొచ్చినాను. భేషుగ్గా ఉన్నారని బాబు అన్నాడు గదా, జొరం మగత కాబోలని ఊరుకున్నాను" అన్నాడు నాయుడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే వలికి కొంత నయంగా ఉండేది.

"స్టెరాయిడ్" అన్నారు యశోధర. ఆ మందు యుద్ధాన్ని ఆపుతుంది, ఒక్కోసారి యుద్ధం చేసేవాళ్ళనీ మట్టుపెడుతుంది. వలి చదువు, రేపటి పేరు, అన్నీ ఆ కణాలమీదే ఉన్నాయి. అతని నోరు అతని మాట వినలేదు. "మేడమ్, మనవాళ్ళు చచ్చిపోతారు! ఒక్క గంట ఆగితే..."

మంచం అవతల బంగారునాయుడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డాడు. "మావోళ్ళు సచ్చిపోతారా బాబూ?"

యశోధర శిష్యుడివైపు చూడనుకూడా లేదు, చెయ్యి మాత్రం చాపారు. వలి మందు నింపిన సిరంజి తీసుకొచ్చి ఆ చేతిలో పెట్టాడు. తరవాత వెళ్ళి నాయుడి పక్కన నేలమీద కూర్చుని, "నేనన్నది ఆవిడ గురించి కాదండీ. పొరపాటు నాదే" అన్నాడు. ఆయనకు అర్థమైందో లేదో గాని, వలి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పొద్దుగూకినా పైడితల్లిలో మార్పు లేదు. మళ్ళీ మందిచ్చారు. మర్నాడు కిటికీలోంచి ఎండ మంచంమీద పడే వేళకు ఆమె నీళ్ళడిగింది. తాగించి, వలి భయంభయంగా భర్తను చూపించాడు. "ఈయనెవరమ్మా?"

ఆమె విసుక్కుంది. "మావోళ్ళు గాదేటి బాబూ! ఆ మాత్రం తెల్దేటి నీకు?"

బంగారునాయుడు భుజంమీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వలికి ఏడుపు ఆగలేదు. ఆమె రక్తంలో తన కణాలు ఎన్ని మిగిలాయో చూడాలన్న సంగతి అతనికి అప్పటిదాకా గుర్తే రాలేదు.

తరగతికి వేళయింది. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న గురువుగారిని చూసి అతను కళ్ళు తుడుచుకున్నాడు.

"మేడమ్, నిన్న నేనడిగిన ప్రశ్న..."

"కణం సంగతి తరవాత చూద్దాంలే వలీ" అన్నారు యశోధర. "పద. మనవాళ్ళు ఎదురుచూస్తున్నారు."