మబ్బు పట్టిన రోజు మంత్రిగారి పడవ

మణిగిరి రాజ్యంలో విశ్వంభరుడనే మంత్రి నాణేలు రద్దు చేశాడు. ఇకపై అందరి సొమ్మూ కోటలోనే ఉంటుంది. ఏది కొన్నా అద్దంతో ఎండను కోట బురుజు మీదికి మెరిపించాలి. బురుజు నుంచి బదులు మెరుపు వస్తేనే బేరం చెల్లుతుంది. అది రాకుండా ఏమిచ్చినా, ఏం పుచ్చుకున్నా కొరడా దెబ్బలు.

ఆ ఏడు ముసురు పట్టి మూడు రోజులు సూర్యుడు కనబడలేదు. పసిపిల్లలకు పాలు కూడా దొరక్క జనం అల్లాడిపోయారు.

నాలుగో రోజు మంత్రే రేవుకు పరుగెత్తుకొచ్చాడు. "అవతలి ఒడ్డున మా అమ్మాయికి నొప్పులొస్తున్నాయి. త్వరగా దాటించు!" అన్నాడు పడవ నడిపే నూకాలుతో.

"బదులు మెరుపు రానివ్వండి బాబూ."

"ఈ మబ్బులో ఎలా వస్తుంది? నా దగ్గర సొమ్ము లేదనుకున్నావా?"

"ఎందుకు లేదు బాబూ? ఉందని చెప్పే బురుజే కనబడటం లేదు."

"పోనీ, ఈ ఉంగరం తీసుకో!"

"తీసుకుంటే నాకు కొరడా దెబ్బలు. ఊరికే ఎక్కించుకున్నా అంతే. పొద్దున పాలకోసం ఏడ్చిన తల్లులకు మీ భటులు ఈ మాటే చెప్పారు."

మంత్రి తల దించుకున్నాడు. రేవు భటుణ్ణి పిలిచి, "నాణేలు మళ్లీ చెల్లుతాయని, ఇక కొరడా దెబ్బలుండవని దండోరా వేయించు. ఎండ రోజుకు అద్దాలూ ఉండనీ," అన్నాడు.

నూకాలు వెంటనే తెడ్డు అందుకుంది. పడవ నది మధ్యకు చేరేసరికి వెనక డప్పు మోగింది. దాచుకున్న పాత నాణేల కోసం తల్లులు ఇళ్లకు పరుగులు తీశారు. ఎదుటి గట్టు నుంచి మంత్రసాని కేకేసింది.

"ఆడపిల్ల! ఇద్దరూ క్షేమం!"

మంత్రి అమ్మయ్య అనుకుంటూ పడవలో కూలబడ్డాడు.