గడ్డిపరక తెగిన చోటు

కాన్సుకే చేయి తిరిగిన పనివాడు. పాతకాలపు కుమ్మరుల్లో ఎవరి పేరు చెప్పినా సరే, వాళ్ళ తీరులోనే గిన్నె మీద బొమ్మ వేసి ముందు పెట్టేవాడు. ఒకరి అలలు, ఒకరి కొంగలు, అన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చేవి. అన్నిటికంటే బాగా వచ్చేవి దోహాన్ గడ్డిపరకలు. ఎప్పుడో నూట యాభై ఏళ్ళ కిందట పోయిన ఆ దోహాన్ లేచివచ్చి చూసినా, తన గిన్నే అనుకునేవాడు.

ఇంత పనితనం ఉండీ, గిన్నె అడుగున తన పేరు చెక్కుకునే యోగం మాత్రం పన్నెండేళ్ళుగా అతనికి పట్టలేదు. అతను పనిచేసే కుండల బట్టీలో కట్టుబాటు అలాంటిది. గురువు గెన్సాయ్ సరేననేదాకా శిష్యుడి గిన్నెకు పేరుండదు. 'దోహాన్ తీరు' అన్న రెండు మాటలే ఉంటాయి.

పేరు కోసం అతని ఆరాటమంతా తన కోసం కాదు. కొండ అవతలి ఊళ్ళో తల్లి ఉంది. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు ఆమె ఒక్కటే అడిగింది.

"నీ పేరున్న గిన్నెలో గంజి తాగాలిరా. చదవడం రాకపోతేనేం, వేలితో తడిమి చూసుకుంటాను."

పేరు లేకుండా ఏ ముఖం పెట్టుకుని వెళ్ళడమని అతను అసలు ఇంటికే వెళ్ళలేదు.

ఏటా ఒక గిన్నె గురువు ముందు పెట్టేవాడు. దోహాన్ గడ్డిలో మూడో పరక ఎప్పుడూ నడిమికి తెగి ఉంటుంది. గెన్సాయ్ అక్కడ వేలు చూపించి అడిగేవాడు.

"ఇక్కడేమైంది?"

"దోహాన్ కుంచె ఎత్తాడండీ. సరిగ్గా బియ్యపుగింజంత ఎడం."

గురువు గిన్నె తిరిగి ఇచ్చేసేవాడు. మంచీ అనేవాడు కాదు, చెడ్డా అనేవాడు కాదు. కాన్సుకే మళ్ళీ కొత్త గిన్నెకు మట్టి పిసకడం మొదలుపెట్టేవాడు.

ఆ ఏడాది ఆకులు రాలే రోజుల్లో, కాన్సుకే సొంతూరి బొగ్గులవాడు బట్టీకి వచ్చాడు. కాన్సుకే ఇంకా కాల్చని పచ్చి గిన్నె మీద గడ్డి వేస్తున్నాడు. మూడో పరక సగంలో ఉంది.

"మీ అమ్మ పోయిందయ్యా. తొమ్మిది రోజులైంది. వానలకు దారి తెగి ముందే రాలేకపోయాను."

కుంచె ఆగిపోయింది.

ఎంతసేపటికో మిగతా సగం గీశాడు. ఎందుకు గీశాడో అతనికే తెలియదు. తర్వాత ఊరెళ్ళడానికి సెలవడుగుదామని లేస్తే, గురువు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. గెన్సాయ్ ఆ గిన్నె చేతిలోకి తీసుకుని చూశాడు. మూడో పరకలో ఎడం రెండు వేళ్ళంత ఉంది.

"ఇక్కడేమైంది?"

కాన్సుకే నోరు తెరిచాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఈ పన్నెండేళ్ళలో గురువు ఎదుట ఏడవడం అదే మొదలు.

ఏడుపు తగ్గేదాకా గెన్సాయ్ పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత గిన్నెను బోర్లించి అతని ఒళ్ళో పెట్టి, వెదురుపుల్ల చేతికిచ్చాడు.

"నీ పేరు రాయి."

"ఇప్పుడెందుకండీ? తడిమి చూసుకునే మనిషే లేదుగా."

"లోతుగా రాయి," అన్నాడు గురువు.

కాన్సుకే రాశాడు. రాసి, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో తడిమాడు.